విడవలూరిలోని మా పిన్నమ్మ యిల్లు

నెల్లూరు పట్టణము నుండి పెన్నానదిని దాటి ఉత్తరపు టొడ్డు చేరినచో కోవూరు వచ్చును. చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు రాజమార్గమును అక్కడ విడిచి, తూర్పుముఖముగా సముద్రము దెసకు పోవు బాట పట్టినచో విడవలూరు చేరుదుము. బస్సులో గంటసేపటి ప్రయాణము. యాత్రికులకై వ్రాసిన పుస్తకములలో ఆ యూరి పేరు అరుదుగా గనబడును. చదువరులగు సోదరీమణులలో దాని పేరైన వినని వారే పెక్కుమంది యుందురు. అయినను ఏటేట సంక్రాంతికి, ఎన్ని చిక్కు లెదురైనను, మేము పోవునది అచ్చటికే. అది మా పుట్టిల్లు. మాలో కొందరు ఆ యింట పుట్టలేదు. వారికిని అది పుట్టిల్లే. ఈ మాట యెట్లు పొసగునో చెప్పుటకు ముందు దారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను.

పెన్న కన్నడ సీమలోని నంది కొండలలో పుట్టినది. సుమారు 600 కిలోమీటర్లు ప్రవహించి, త్రోవలో జయమంగళి, చిత్రావతి, పాపఘ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరు మొదలగు నేళ్లను తనలో గలుపుకొని, ఊటుకూరు కడ సముద్రమున పడుచున్నది. వేసవిలో చూచినవారికి ఇది నదియా ఇసుకమేటయా యని సంశయము కలుగును. 2021వ సంవత్సరము నవంబరు నెలలో చూచినవారి కట్టి సంశయము కలుగదు. ఆ నెల సోమశిల జలాశయము నుండి వదలిన వరద పడుగుపాడు కడ రైలుకట్టను, రాజమార్గమును గూడ తెంచివేసి, నెల్లూరికిని మా యూరికిని నడుమ రాకపోకలు లేకుండ జేసినది.

కోవూరు దాటిన పిమ్మట ఇరుప్రక్కల కాలువలు, వరిమళ్లు. సంగము ఆనకట్ట కడ మళ్లించిన పెన్న నీరు బుచ్చిరెడ్డిపాళెము చేరువనున్న కనిగిరి జలాశయము మీదుగా ఈ ప్రాంతమునకు వచ్చును. (ఈ కనిగిరి వేరు, కనిగిరి పట్టణము వేరు, పేరు చూచి పొరబడరాదు.) పందొమ్మిదవ శతాబ్దమున గట్టిన ఆ ఆనకట్ట శిథిలమగుటచే, దాని చెంతనే నిర్మించిన క్రొత్త బ్యారేజి 2022వ సంవత్సరము సెప్టెంబరులో ప్రారంభమైనది. తక్కిన తెలుగు జిల్లాలలో సంక్రాంతి యనగా కోతలు ముగిసి గాదెలు నిండిన పండుగ. నెల్లూరి సీమలో అట్లు గాదు. ఇచ్చట వరి ముఖ్యముగా ఈశాన్య వర్షములతో నాటబడును గనుక, పండుగనాటికి చేలు పచ్చగా గాలి కలలాడుచుండును. గాదె నిండకముందే పండుగ చేసికొను జనము మే మని మా తండ్రిగారు నవ్వుచుండెడివారు. ఒకప్పుడు ఈ చేలలో ప్రసిద్ధి కెక్కిన మొలగొలుకులు పండెడివి. ఇప్పుడు వాని స్థానమున త్వరగా కోతకు వచ్చు వంగడములు వచ్చినవి. సముద్రము సమీపించిన కొలది చేలు తగ్గి రొయ్యల గుంటలు కనబడును. వానిలో గాలిచక్రములు రేయింబవళ్లు తిరుగుచు నీటిని చిమ్ముచుండును. రొయ్యలు కొందరికి మేడలు గట్టించినవి, కొందరి మేడలు తాకట్టు పెట్టించినవి. ఆ సంగతి వేరొక వ్యాసమునకు దగినది.

ఇక మా యింటి సంగతి. నలువది యేండ్లకు పూర్వము మా తండ్రిగారికి మొదటి భార్య కాలధర్మము నొందినది. తొమ్మిదేండ్ల కొడుకును, ఆరేండ్ల కూతురును మిగిలిరి. అదే కాలమున పొరుగు తాలూకాలో నొక యువతి, భర్త జ్వరముతో పోగా, మూడేండ్ల యాడుపిల్లతో పుట్టింట నుండెను. ఇరువైపుల పెద్దలు మాటలాడి ఆ యిద్దరికిని వివాహము చేసిరి. తరువాత వారికి ఒక కొడుకును, ఒక కూతురును కలిగిరి. ఈ విధముగా మేమైదుగురము. ఈ వ్యాసము వ్రాయుచున్నవారము ఆ యైదుగురిలో ఎవరమో, ఏ తల్లి కడుపున పుట్టితిమో చెప్పుట మాకు సమ్మతము గాదు. ఆ యింట నలువది యేండ్లుగా ఎవరును అడుగని ప్రశ్నకు ఇచ్చట జవాబు చెప్పనేల?

మొదటి చిక్కు పిలుపుల కడ వచ్చినది. పెద్దవారిద్దరును క్రొత్తగా వచ్చిన తల్లిని 'అమ్మా' అనుట కిష్టపడలేదు. ఆమెయు బలవంతపెట్టలేదు. "మీ అమ్మకు చెల్లెలు ఉంటే ఏమని పిలుస్తారు? అట్లా పిలవండి" అనెను. వారు 'పిన్నమ్మా' అని పిలువసాగిరి. మూడవ పిల్ల తన తల్లిని 'అమ్మా' అనియే పిలిచి, మా తండ్రిగారిని 'చిన్నాయనా' అనెడిది. వింత యేమనగా, తరువాత పుట్టిన చిన్నవారిద్దరును అన్న అక్కల నోట ఏ మాట విన్నారో దానినే పట్టుకొని, కన్నతల్లిని 'పిన్నమ్మా' అని పిలువ మొదలిడిరి. ఎంత దిద్దినను మానలేదు. ఆ నలుగురి నోట విని విని మూడవ పిల్లయు అదే దారి పట్టినది. తుద కూరివారందరును ఆమెను పిన్నమ్మ యనియే పిలిచిరి. మా యిల్లు 'పిన్నమ్మ యిల్లు' అయినది. బడిలో ఒకనాడు పంతులుగారు చిన్నవానిని "నిన్ను తీసికొనిపోవుటకు వచ్చినది ఎవరురా?" అని యడుగగా, వాడు "పిన్నమ్మ" అనెను. "మీ అమ్మ యేదిరా?" అనగా, "ఆమే" అనెను. పంతులుగారు ఆ జవాబును అర్థము చేసికొనుటకు మా యింటివరకు నడచి రావలసి వచ్చెను.

మన తెలుగు బంధుత్వపు మాటలను గూర్చి మాకు గొప్ప గౌరవము కలదు. తల్లి అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్నమ్మ. తండ్రి అన్న పెదనాయన, తమ్ముడు చిన్నాయన. వారి బిడ్డలు మనకు అన్నలు, అక్కలు, చెల్లెండ్రే. అనగా ఒక బిడ్డకు తల్లులు పలువురు, తండ్రులు పలువు రుండవచ్చునని మన భాష మొదటినుండియు నొప్పుకొని, వారికి పీటలు వేసియే యుంచినది. క్రొత్తగా వచ్చినవారు ఆ పీటలలో నొకదానిపై కూర్చుండిన చాలును. ఇంత ఉదారమైన భాషలోనే 'సవతి' యను మాటయు నున్నది. 'సవతి తల్లి ప్రేమ' యని నేటికిని పత్రికలవారు వ్రాయుదురు. ప్రభుత్వము ఒక జిల్లాకు నీరు తక్కువ యిచ్చినను ఆ నింద మారుతల్లుల మీదనే పడును! సురుచి ధ్రువుని తండ్రి తొడపై నుండి దిగద్రోయుట, చిత్రాంగి సారంగధరుని కాలుచేతులు నరికించుట మన పిల్లలకు కంఠస్థము. సారంగధరుని కథ నాటకముగను చలనచిత్రముగను ఊరూర ఆడినది. మారుతల్లిగా నొక యింట నడుగుపెట్టిన స్త్రీ, తా నేమియు చేయకముందే, ఈ కథలన్నిటి బరువును మోయవలసి వచ్చుచున్నది.

వీనికి బదులు చెప్పు కథ యొకటి భారతమున కలదు. యక్షుని కొలని గట్టున నలుగురు తమ్ములును పడియుండగా, ఒక్కని బ్రతికింతును కోరుకొమ్మని యక్షు డనగా, ధర్మరాజు భీముని గాని అర్జునుని గాని కోరక నకులుని గోరెను. కుంతికి నే నున్నాను, మాద్రికి నొక కొడుకుండవలెను గదా యని ఆయన యభిప్రాయము. మాద్రి యప్పటికే చనిపోయి ఏండ్లు గడచినవి! ఈ ఘట్టము అరణ్యపర్వము చివరనున్నది. తెలుగున ఆ భాగమును పూరించినవాడు ఎఱ్ఱన. దాని తరువాతి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెలిగించిన తిక్కన 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున నుండినవాడు. కావున మా పెన్న యొడ్డువారికి భారతము ఇంటి పుస్తకము వంటిది. మా తండ్రిగారు వానకాలపు రాత్రులు ఈ కథ చెప్పినప్పుడు పిన్నమ్మ యొక మాట యనెడిది: "అందరూ ధర్మరాజును మెచ్చుకుంటారు. ఆ మాట ఆయన నోట వచ్చేటట్టు అయిదుగురినీ పెంచిన కుంతిని ఎవరూ మెచ్చుకోరేం?" ఈ ప్రశ్నకు మాకు తెలిసిన పండితు లెవ్వరును సమాధానము చెప్పలేదు.

మరియొక సంగతి. వితంతు వివాహమనగానే మనము 1856వ సంవత్సరపు చట్టమును, 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వివాహమును తలచుకొందుము. తలచుకొనవలసినదే. కాని మన పల్లెలలో పెక్కు కులములవారికి 'మారుమనువు' అంతకు మిక్కిలి పూర్వమునుండి యెరిగిన మాట. భర్త పోయిన స్త్రీ బిడ్డలతో మరియొక యింటికి పోవుట, అచ్చటి బిడ్డలతో తన బిడ్డలను గలిపి పెంచుట వారికి వింతగా దోచలేదు. ఆ తల్లులు ఎట్లు నెగ్గుకొని వచ్చిరో వ్రాసి పెట్టినవారు లేరు.

మా యింట మాత్రము మొదటి యేడు సుఖముగా గడువలేదు. పెద్దవాడు ఆమె చేతి యన్నము తిననని భీష్మించెను. రెండు దినములు పొరుగింట తినెను. ఇరుగుపొరుగువారు తీపి పెట్టి మచ్చిక చేసికొమ్మనిరి. ఆమె ఆ పని చేయలేదు. ముదివర్తిలో నున్న మొదటి భార్య తల్లి యింటికి, ఎవరికిని చెప్పక, నడచిపోయెను. కూతురు పోయిన దుఃఖము తీరని ఆ ముసలితల్లి వాకిట నిలిచి, "మీ అమ్మాయి చేపల పులుసు ఎట్లా చేసేదో చెప్పమ్మా, బిడ్డ తినడంలేదు" అని యడిగెను. నెల్లూరి చేపల పులుసు పేరు సోదరీమణులు వినియే యుందురు. మామిడికాయ వేయుట అందరికిని తెలిసినదే. కాని ఆ యింట టెంకతో సహా వేయుదురట. నిన్నటి రాత్రి కాచిన పులుసును మరునాటి ప్రొద్దున గాని బిడ్డకు పెట్టరట. ఆ ముసలామె మొదట చెప్పలేదు. కొంగుతో కన్నులొత్తుకొని లోపలికి పోయి, తానే చట్టి తీసికొని, చేసి చూపినది. పిన్నమ్మ ఆ చట్టిని నెత్తి మీద పెట్టుకొని యింటికి వచ్చెను. మరునాడు పెద్దవాడు తినెను. ఏమియు ననలేదు, తినెను. అంతకంటె ముఖ్యముగా, ఆ నెల మొదలుకొని ముదివర్తి యవ్వ మా యింటికి రాకపోకలు సాగించెను. తన కూతురి స్థానమునకు వచ్చినదానిని చూచుటకు ఏ తల్లికి మనసొప్పును? ఆమెకు ఒప్పినది. చట్టి యప్పుగా ఇచ్చినందుకు అడుగ వచ్చితినని తొలిసారి చెప్పినదట.

ఈ విధముగా మాకు అవ్వలు తాతలు ఇతరుల కంటె ఎక్కువైరి. తండ్రిగారి తల్లిదండ్రులు, పిన్నమ్మ తల్లిదండ్రులు, ముదివర్తి యవ్వ. వీరు చాలరన్నట్లు మూడవ పిల్లను కన్నతండ్రి యొక్క తల్లిదండ్రులు. కొడుకు పోయి, కోడలు మరియొక యింటికి పోగా, ఆ వృద్ధదంపతులకు మనుమరాలిని చూచుటకు వచ్చు త్రోవ తెలియక యుండెను. మా తండ్రిగారు తానే బండి కట్టించుకొని పోయి, సంక్రాంతికి రండని పిలిచి వచ్చిరి. వారు వచ్చినప్పుడు ఒక్క మనుమరాలికి గౌను తెచ్చిరి. తక్కిన బిడ్డలు చూచుచుండిరి. మరుసటి యేటినుండి ఎంత మంది యున్న అన్ని తెచ్చిరి. చిన్నవి, చవుకవి, కాని అందరికి. పండుగనాడు ఆ యింటి వసారాలో నలుదిక్కుల నలుగురు అవ్వలు కూర్చుండగా, మేము ఒకరి యొడి నుండి మరొకరి యొడికి తిరిగినాము. ఒకరు కొట్టిన మరొకరి వద్దకు పరుగెత్తుటకు నలుగురు అవ్వలున్న బిడ్డల భాగ్య మింతింత యనరాదు.

పెద్దలకు బట్టలు పెట్టుకొనునాడు మా యింట రెండు పటములు గోడనుండి దిగును. ఒకటి మొదటి భార్యది, ఒకటి పిన్నమ్మ మొదటి భర్తది. ఒక చీర, ఒక పంచె. ఐదుగురమును రెండు పటములకును మ్రొక్కుదుము. మన సీమలో కొన్ని యిండ్ల రెండవ భార్య మొదటి భార్య పేర మెడలో చిన్న బంగారు బిళ్ల ధరించు నాచారము కలదు. పోయినామె కినుక వహింపకుండుటకై భయముతో ధరించువారే యెక్కువ. పిన్నమ్మయు ధరించెను. పెద్దపిల్ల పెండ్లినాడు ఆ బిళ్లను తన మెడనుండి తీసి, పిల్ల నల్లపూసలలో గ్రుచ్చి, "ఇది మీ అమ్మది. ఇన్నాళ్లూ నీ కోసం దాచిపెట్టినా" అనెను. పెద్దపిల్ల పీటల మీదనే వెక్కి వెక్కి యేడ్చుటచే, కారణ మెరుగని మగపెండ్లివారు కట్నములలో నేమైన తక్కువైనదేమో యని కలవరపడిరి.

కడగొట్టు పిల్ల పెండ్లిలో మరియొక వినోదము. పెండ్లికూతును గంపలో నెత్తుకొని తెచ్చు హక్కు మేనమామది. పిన్నమ్మ తమ్ముడు కండువా బిగించి ముందుకు రాగా, మొదటి భార్య తమ్ముడు అడ్డు నిలిచి, "దాని అక్కను మోసినవాణ్ణి నేను. దీన్ని మోసే హక్కు నాకు లేదా?" అనెను. రక్తసంబంధ మేమియు లేదు. అయినను ఆయన కంఠము వణకినది. పురోహితుడు ముహూర్తము మించిపోవుచున్నదని కేకలు వేయ, తుదకు గంప కొక ప్రక్క నొకరు, మరియొక ప్రక్క నొకరు పట్టిరి. ఒకరు పొడవు, ఒకరు పొట్టి యగుటచే గంప ఒరిగి, పెండ్లికూతురు రెండు చేతులతో ఇద్దరి తలలును పట్టుకొని మండపమునకు వచ్చెను.

పండుగ గడచిన మరునాడు మేము రామతీర్థమునకు పోవుదుము. నెల్లూరివారు ఆ దినములలో గొబ్బెమ్మలను పెన్నలో కలుపుచు ఏటి పండుగ చేసికొందురు. మేము సముద్రపు వారము గనుక సముద్రమునకే పోవుదుము. ఈ గ్రామము విడవలూరు మండలములోనిదే. సరుగుడు తోపులు దాటి యిసుకలో దిగిన పిమ్మట అలల మ్రోత వినబడుచుండగా రామలింగేశ్వరస్వామి యాలయము. అమ్మవారు కామాక్షి. ఇచ్చటి లింగమును శ్రీరాముడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పుదురు. మా చిన్ననాట పిన్నమ్మ పులిబొంగరాలు, పులిహోర, పెరుగన్నము గంపలో పెట్టుకొని, ఎడ్లబండి మీద మమ్ము తీసికొనిపోయెడిది. ఇప్పుడు ఆటోలలో పోవుచున్నాము. పులిబొంగరాలు మాత్రము అవియే.

ఒక పర్యాయము గుడిలో అర్చన చేయించుచుండగా పూజారి గోత్రమడిగెను. మా తండ్రిగారు తమ గోత్రము చెప్పి నలుగురి పేర్లు చెప్పి, తరువాత మరియొక గోత్రము చెప్పి మూడవ పిల్ల పేరు చెప్పిరి. పూజారి చేతిలోని పూలు పట్టుకొనియే, "ఆ పిల్ల బంధువుల పిల్లయా?" అని ప్రశ్నించెను. "కాదు, మా పిల్ల. గోత్రం వాళ్ల నాయనది" అని తండ్రిగారు జవాబిచ్చిరి. ఇంటిపేరును, గోత్రమును మార్చి వ్రాయించిన సుఖముగా నుండునని చెప్పినవారు లేకపోలేదు. పోయినవాని కొక్క బిడ్డయే మిగిలెను, ఆ పేరు కూడ మన మెత్తుకొనిపోవుట న్యాయము గాదని ఆయన యభిప్రాయము. ఈ విషయమున మా తండ్రిగారు సరిగానే తలచిరని మేము నమ్ముచున్నాము. కలిసియుండుటకై ఎవరును తమ వెనుకటి దానిని తుడిచివేసికొన నవసరము లేదు.

అచ్చటి సముద్రము మంచిది గాదు. కాలిక్రింది యిసుక లాగును. ఒకరి చేతు లొకరము పట్టుకొని వరుసగా నిలుచుండి స్నానము చేసెడివారము. గట్టున నిలిచిన పిన్నమ్మ అల వచ్చి తీసినప్పుడెల్ల "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని గట్టిగా లెక్కించెడిది. నిరుడు మనుమలతో కూడ లెక్క పదునేడు వరకు పోయినది. ఎనుబదికి చేరువైన ఆమెకు కన్ను మసకబారినది. అయినను లెక్క ముగియువరకు ఎవరిని గట్టెక్కనీయలేదు.

ఈ సంతోషము వెనుక నొక చిక్కు కలదు. సోదరీమణులకు ఉపయోగపడునని దానిని కొంత వివరముగా చెప్పెదము. పదునాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారు వీలునామా వ్రాయకయే పోయిరి. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆయన యాస్తికి వారసులు పిన్నమ్మయు, ఆయన కన్న నలుగురు బిడ్డలును. మూడవ పిల్ల ఆయన యింట మూడవ యేటినుండి పెరిగినను, ఆయనచేత కన్యాదానము పొందినను, ఆ జాబితాలో లేదు. కచేరిలో గుమాస్తా ఐదు పేర్లు వ్రాసి, ఆమె పేరు వదలి, ముద్ర వేసెను. నియమ మట్లున్నది, అతని తప్పు లేదు. నాడు ఆమె ఏమియు మాటలాడక బస్సెక్కి పోయినది. నెల తిరుగకముందే తక్కిన నలుగురును తమ తమ భాగములలో కొంత కొంత విడిచి ఆమె పేర దస్తావేజు వ్రాసిరి. ఆ పని చేయుటలో ఒకరికొకరు నచ్చజెప్పుకొన నవసరము కలుగలేదు. ఊరివారు మెచ్చుకొనిరి.

పిన్నమ్మ మెచ్చుకొనలేదు, ఆలోచనలో పడినది. ఇల్లును, ఇల్లున్న నలువది యంకణముల స్థలమును, రెండెకరముల మాగాణియు ఆమె సొంతము. పాలు పెరుగు అమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్నది. ఈ సంక్రాంతికి ముందు ఆమె దస్తావేజులు వ్రాయు నొక యనుభవశాలిని పిలిపించి తన యాస్తి సంగతి యడిగెను. చట్టము స్త్రీ యాస్తిని మొదట ఆమె కుమారులకును కుమార్తెలకును భర్తకును ఇచ్చును. 'కుమారులు' అను మాటలో సవతి కుమారులు చేరరని 1987వ సంవత్సరమున సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. కన్నబిడ్డలు లేనప్పుడే వారు భర్త వారసులుగా వత్తురు. అనగా ఆమె ఏమియు వ్రాయక పోయినచో, పెద్దవాడును పెద్దపిల్లయు ఆ యింటి గడపకు హక్కుదారులు గారు. తండ్రి పోయినప్పుడు మూడవ పిల్లకు జరిగినదే, ఈ తడవ పెద్దవారిద్దరికి జరుగును.

పండుగ మరునాడు ఆమె మమ్ము వసారాలో కూర్చుండబెట్టి వీలునామా వ్రాయింతునని చెప్పెను. ఆమె యనుకొన్నట్లు ఎవరును సంతోషింపలేదు. చిన్నవాడు కోపగించుకొనెను: "అంటే మేం అన్నకూ అక్కకూ ఇవ్వమనుకున్నావా?" మూడవపిల్ల కన్నీరు పెట్టుకొనెను. పెద్దవాడు లేచి వాకిట వేపచెట్టు క్రిందికి పోయి నిలిచెను. అతని బాధ వేరు. 2021వ సంవత్సరపు వరదలో నెల్లూరి దారి తెగి, పిన్నమ్మ ఒంటరిగా చిక్కుకొని, ఫోను కలియక మేమందరమును అల్లాడుచున్నప్పుడు, కావలిలో నుద్యోగము చేయు అతడే అల్లూరు మీదుగా, కొంత దూరము లారీలోను కొంత దూరము మోకాలిలోతు నీటిలోను వచ్చి, అందరి కంటె ముందు ఆమె వాకిట నిలిచెను. ఇన్నేండ్ల పిమ్మట తాను ఆమె కొడుకని చెప్పుటకు ఒక కాగితము కావలసి వచ్చెనా యని అతని మనసు కలగినది. ఆ పూట ఆ యింట ఎవరును సరిగా భోజనము చేయలేదు. మా యెరుకలో పిన్నమ్మ చేతి పులుసు చట్టిలో మిగిలినది ఆ నాడే.

సాయంకాలము ఆమె కర్ర పట్టుకొని వేపచెట్టు వద్దకు పోయెను. మేము వెనుకనే పోయితిమి. ఆమె పెద్దవానితో ననిన మాట లివి:

"మీ నాయన పోయినప్పుడు ఒకతూరి మీ మంచితనం గట్టెక్కించింది. మీరు మంచివాళ్లేనయ్యా. మంచితనాన్ని ఎన్నిసార్లని పరీక్ష పెడతారు? నువ్వు వరదలో వస్తివి. నువ్వు నా కొడుకువని నాకు కాగితం అక్కరలేదు. సర్కారుకు కావాలంట. సర్కారుకు చెప్పవలసింది నేనే గదా, బతికుండగా?"

పెద్దవాడు కొంతసేపు వేపపుల్ల విరుచుచు నిలిచి, "రేపు ఆటో నేను మాట్లాడతాలే" అనెను.

వీలునామా స్టాంపు కాగితము మీద వ్రాయవలసిన పని లేదు. తెల్ల కాగితము చాలును. వ్రాసినవారు సంతకము గాని వేలిముద్ర గాని వేయగా చూచిన సాక్షు లిద్దరు తప్పక సంతకము చేయవలెను. రిజిస్టరీ చేయుట తప్పనిసరి గాదు, కాని చేసిన పిమ్మట తగవుల కవకాశము తగ్గును. ఇష్టమైనప్పుడు మార్చి వ్రాయుటకును హక్కు గలదు. మారుమనువు గల యింటి స్త్రీలు, తమ పేర నెంత స్వల్పమైన ఆస్తి యున్నను, ఈ నాలుగు సంగతులు తెలిసికొనియుండుట మంచిది. పురుషులు కూడ తెలిసికొనవలెను గాని, మా తండ్రిగారివలె వారు తమకు చావు లేదనుకొందురు.

మరునాడు ఐదు సమభాగములుగా వ్రాయించి, ఊరి పెద్దలిద్దరు సాక్షులుగా నుండగా, పని ముగించుకొని మధ్యాహ్నమునకు యిల్లు చేరితిమి. లేఖరి 'సవతి కుమారుడు' అని వ్రాయబోగా పిన్నమ్మ ఒప్పుకొనలేదట. చట్టమునకు స్పష్టముగా నుండవలెనని అతడు చెప్పి చూచెను. తుదకు 'నా భర్త మొదటి భార్య వలన కలిగి, నాచే పెంచబడిన నా పెద్ద కుమారుడు' అని వ్రాసిరి. మాట పొడవైనందున ఆ వరుసలో చోటు చాలక, అక్షరములు చివర చిన్నవై వంగినవి. పిన్నమ్మ కాగితమును మడిచి, బియ్యపు కుండలో దాచి, నిన్నటి పులుసు వెచ్చబెట్టమని చిన్నపిల్లకు చెప్పెను.